చవక కొత్త పిస్తోలా, నాణ్యమైన పాత రివాల్వరా: ఏది మేలు?

గత ఏడాది మా బావగారు డాలస్ దగ్గర ఒక చిన్న కిరాణా దుకాణం కొన్నారు. కౌంటరు కింది సొరుగులో, పాత యజమాని వదిలేసి వెళ్ళిన .25 కాలిబరు (తూటా మందం సుమారు పావు అంగుళం) పిస్తోలు ఒకటి నూనె మరకల గుడ్డలో చుట్టి కనిపించింది. అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నది. పైనున్న నికెల్ పూత బుడగలు లేచి, గోటితో గీరితే పెచ్చులుగా ఊడుతోంది. దాని కింద బూడిదరంగు లోహం బయటపడుతోంది. "ఇది పనికొస్తుందంటావా, లేక రెండు మూడు వందల డాలర్లలో కొత్తది కొనుక్కోమంటావా?" అని ఆయన నన్ను అడిగారు. గ్రీన్ కార్డు వచ్చి, సొంత దుకాణమో పెట్రోలు బంకో నడుపుకుంటున్న మనవాళ్ళు చాలామంది ఇదే ప్రశ్న అడుగుతున్నారు కనుక, నేను చూసినవీ, చివరికి కొన్నదీ ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా చట్టం సంగతి ఒక్క మాటలో చెప్పాలి. ఎఫ్-1, హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకి కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం సాధారణంగా నేరమే. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. కనుక ఈ పోలిక శాశ్వత నివాసులకూ పౌరులకూ ఉద్దేశించినది. దుకాణంలో పార్ట్‌టైము చేసే విద్యార్థి చేతికి కౌంటరు కింది పిస్తోలు అప్పగించడం అతని చదువునూ, ఈ దేశంలో అతని ఉనికినీ పణంగా పెట్టడమే.

చవక పిస్తోళ్ళ గురించి మాట్లాడేవారు సాధారణంగా "అవసరానికి పేలుతుందా, ఇరుక్కుంటుందా?" అనే అడుగుతారు. అది సరైన ప్రశ్నే గాని, నా దృష్టిలో మొదటిది కాదు. ఇంట్లోనో దుకాణంలోనో ఉంచిన ఆయుధం పేలవలసిన రోజు జీవితమంతా రాకపోవచ్చు. అది సొరుగులో దొర్లడం, చేయి జారి గచ్చు మీద పడడం, తూటాలు నింపడం, తీయడం మాత్రం వందలసార్లు జరుగుతాయి. అందుచేత పేలకూడని వేళ పేలకుండా ఉండేలా దాన్ని తయారుచేశారా లేదా అన్నదే నాణ్యతకు అసలు గీటురాయి అని నేను నమ్ముతాను. కింద నేను వేసిన తూకమంతా దాని మీదే ఆధారపడి ఉంది.

బావగారికి దొరికిన పిస్తోలు వంటివాటికి ఒక చరిత్ర ఉంది. 1968లో వచ్చిన తుపాకుల నియంత్రణ చట్టం, క్రీడలకు పనికిరాని చిన్న చేతి తుపాకుల దిగుమతిని అడ్డుకుంది గాని, దేశంలోనే తయారయ్యేవాటికి ఆ కొలతలు పెట్టలేదు. ఆ ఖాళీని పూరిస్తూ 1970 నుంచి లాస్ ఏంజిలిస్ పరిసరాల్లో రేవెన్, జెన్నింగ్స్, లోర్సిన్, బ్రైకో వంటి సంస్థలు ఒకదాని వెంట ఒకటి పుట్టుకొచ్చాయి. ఉక్కును కోసి మలచే బదులు, తలుపు గడియలకూ పిల్లల బొమ్మ కార్లకూ వాడే జింకు మిశ్రమాన్ని కరిగించి అచ్చుల్లో పోసేవారు. జింకు సుమారు 419 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది. ఇల్లినాయ్ వంటి రాష్ట్రాలు 800 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 427 డిగ్రీల సెల్సియస్ లోపు కరిగే పోత లోహంతో చేసిన చేతి తుపాకుల అమ్మకాన్ని నిషేధించింది అందుకే.

అయితే లోహం కన్నా పెద్ద లోపం రూపకల్పనలోనే ఉండేది. బ్రైకో సంస్థ చేసిన .380 పిస్తోలు ఒకదానిలో తూటాలు తీసివేయాలంటే స్లైడు (పిస్తోలు పైన ముందువెనకలకు జరిగే భాగం) లాగాలి, స్లైడు లాగాలంటే ముందు సేఫ్టీని, అంటే పేలకుండా ఆపే మీటను, తప్పించాలి. అంటే ఆయుధాన్ని ఖాళీ చేసే క్షణంలోనే అది పేలడానికి సిద్ధంగా ఉంటుంది. 1994లో కాలిఫోర్నియాలో ఒక ఇంట్లో అలా ఖాళీ చేయబోతుండగా పేలి ఏడేళ్ళ బాలుడి మెడకు తగిలింది. అతనికి మెడ కింది భాగమంతా చచ్చుబడిపోయింది. తూటాలు ఇరుక్కునే సమస్యను కప్పిపుచ్చడానికే సేఫ్టీని అలా మార్చారన్నది బాలుడి తరఫు వాదన. 2003లో జ్యూరీ బ్రైకో పక్షం మీద సుమారు 2.4 కోట్ల డాలర్ల బాధ్యత మోపగా, ఆ సంస్థ దివాలా తీసింది. చవకదనం వేరు, నాసిరకం వేరు అని నాకు స్పష్టంగా తెలిసింది ఈ కేసు వివరాలు చదివాకే. ఆ తరం పిస్తోళ్ళను యాభై డాలర్లకు ఇస్తామన్నా తీసుకోవద్దనే నా సలహా.

ఇక ఈనాటి చవక రకాల్లో అందరూ అడిగేది ఒహాయోలో తయారయ్యే హై-పాయింట్ సి9. కొత్తది సుమారు 200 డాలర్లకు దొరుకుతుంది, 8 తూటాలు పడతాయి, ఎన్ని చేతులు మారినా జీవితకాలపు వారంటీ చెల్లుతుంది. దీని స్లైడు కూడా జింకు మిశ్రమాన్ని పోతపోసి చేసినదే. కాని గొట్టం ఉక్కుతో చేసినది. పేలుడు ఒత్తిడిని ఆపడానికి తాళపు ఏర్పాటేదీ లేకుండా కేవలం స్లైడు బరువు మీదే ఆధారపడుతుంది కనుక అది ఇటుకలా మొద్దుగా ఉంటుంది. దాన్ని గేలిచేసేవారు చేసినంతగా అది చెడ్డదేమీ కాదు. నేను వాడి చూసినప్పుడు వంద తూటాలకు రెండుసార్లు మాత్రమే ఇరుక్కుంది. నాకు నచ్చనిది వేరొకటి: గ్లాక్ పిస్తోళ్ళలో ఉన్నట్లు, ట్రిగ్గరు పూర్తిగా నొక్కితే తప్ప ఫైరింగ్ పిన్నును (తూటాను వెనకనుంచి పొడిచి పేల్చే సూదిని) ముందుకు కదలనివ్వని లోపలి అడ్డు దీనిలో లేదు. ఛాంబరులో, అంటే గొట్టం వెనక తూటా పేలే గదిలో, తూటా ఉంచి సొరుగులో పెట్టదగిన పిస్తోలు అని దీన్ని నేను అనలేను.

టారస్ జి3సి సుమారు 250 డాలర్లలో 12 తూటాలతో, లోపలి అడ్డుతో, బయటి సేఫ్టీతో వస్తుంది. ఈ ధరలో కొత్తదే కావాలనుకునేవారికి ఇదే మేలు. అయితే ఆ సంస్థ గతాన్ని కూడా తెలుసుకుని కొనాలి. అయోవాలో ఒక డిప్యూటీ షెరీఫు అనుమానితుణ్ణి తరుముతుండగా నడుం దగ్గరి టారస్ పిస్తోలు కిందపడి పేలింది. ఆయన 2013లో వేసిన దావా మరో రెండేళ్ళకు రాజీదాకా వచ్చి, తొమ్మిది మోడళ్ళకు చెందిన దాదాపు 10 లక్షల పిస్తోళ్ళకు వర్తించింది. జి3సి ఆ తొమ్మిదింటిలో లేదు. సెకండ్‌హ్యాండులో పీటీ-111 మిలీనియం వంటి పాత టారస్ ఎదురైతే మాత్రం అది ఆ జాబితాలోనిదే.

పెద్ద పేరున్న సంస్థలకు ఈ మచ్చ లేదనుకోకూడదు. 2008లో రూగర్ తన ఎల్‌సీపీ పిస్తోళ్ళను కిందపడితే పేలే ప్రమాదముందని తానే వెనక్కి పిలిచింది. 2017లో సిగ్ పి320 విషయంలోనూ కంపెనీ తానుగా మార్పులు చేసి ఇచ్చింది. "తానే", "తానుగా" అన్న మాటలను గమనించాలి. ఇస్త్రీపెట్టెలో లోపముంటే రీకాల్ చేయించగల ఫెడరల్ వినియోగదారుల భద్రతా సంఘానికి తుపాకుల మీద అధికారమే లేదు. కనుక కొనేవాడు తన పరీక్ష తానే చేసుకోవాలి.

ఆ పరీక్షకు మంచి కొలమానం కాలిఫోర్నియా చట్టంలో దొరుకుతుంది. 2001 నుంచి అక్కడ కొత్త మోడలు అమ్మాలంటే, 600 తూటాలు పేల్చే పరీక్షలో మొదటి 20 ఏ ఆటంకమూ లేకుండా సాగాలి, మొత్తంమీద ఆరుకు మించి ఆటంకాలు రాకూడదు. పైగా సుమారు మీటరు ఎత్తునుంచి కాంక్రీటు మీద ఆరు కోణాల్లో పడేసినా పేలకూడదు. పడేసే పరీక్షను ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చేయకూడదు. కాని రేంజిలో (కాల్పులు సాధన చేసే చోట), వాడబోయే తూటాలతోనే, కనీసం 200 పేల్చి చూడని ఆయుధాన్ని నమ్ముకోవద్దు.

నేను చివరకు కొన్నది స్మిత్ అండ్ వెసన్ మోడల్ 10 రివాల్వరు, పాతది. పోలీసు శాఖలూ సెక్యూరిటీ సంస్థలూ దశాబ్దాలపాటు వాడి అమ్మేసినవి నేను వెతికినప్పుడు 350 నుంచి 450 డాలర్ల మధ్య కనిపించాయి. దీని వంశం 1899 నాటిది. 1944లో నౌకాదళంలో ఈ రకం రివాల్వరు ఒకటి డెక్కు మీద పడి పేలి ఒక నావికుడు చనిపోగా, సంస్థ వెంటనే హ్యామరుకూ (తూటా పేలేలా కొట్టే సుత్తికీ) తూటాకూ మధ్య కొత్త రకం ఉక్కు అడ్డును అమర్చింది. ట్రిగ్గరు వెనక్కి లాగినప్పుడే అది తప్పుకుంటుంది. ప్రమాదం జరిగినప్పుడు సంస్థ ఏం చేసిందన్నది నాకు ముఖ్యం. ఆ మార్పుకు ముందటివి మాత్రం కొనవద్దు.

పాతదాన్ని చూసి కొనడం ఒక విద్య. మొదట వెళ్ళిన దుకాణంలో నల్లగా నిగనిగలాడే రివాల్వరు చూపించారు. కొత్తగా పాలిష్ పట్టినది. సిలిండరు (తూటాలు పట్టే, గుండ్రంగా తిరిగే భాగం) తెరిచి ఆరు గదులూ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, యజమాని అనుమతితో సిలిండరు మీద వేలు మెత్తగా ఆనించి హ్యామరును నెమ్మదిగా వెనక్కి లాగాను. మూడు గదుల దాకా టక్కున తాళం పడింది. నాలుగో గది దగ్గర హ్యామరు పూర్తిగా నిలబడినా సిలిండరు వెంట్రుకవాసి వెనకబడి, వేలితో నెడితే గాని తాళం పడలేదు. అంటే తూటా గొట్టానికి సూటిగా నిలవదు. పేలిస్తే సీసపు తునకలు పక్కకు చిమ్ముతాయి. నేను చెబితే, "పాతవన్నీ అంతే" అన్నారు. అన్నీ అలా ఉండవు. వేరేచోట నేను కొన్నదానికి పిడి దగ్గర రంగంతా పోయి ఉక్కు తెల్లబడింది గాని, ఆరు గదులూ ఒక్కలాగే తాళం పడ్డాయి, నిలబెట్టిన హ్యామరును బొటనవేలితో వెనకనుంచి నెట్టినా జారలేదు, సిలిండరు ముందువెనకలకు కదలలేదు, గొట్టానికీ సిలిండరుకూ మధ్య సందు 0.006 అంగుళం ఉంది. ఆ సందు 0.010 దాటితే అనుమానించాలి. ఒరలో అరిగిన రంగు ఎక్కువ మోసినట్టు, తక్కువ పేల్చినట్టు చెబుతుంది; అందుకే పోలీసులు వాడినవి చూపులకు ముసలివైనా లోపల గట్టిగా ఉంటాయి.

దీనికీ కొరతలున్నాయి. ఆరు తూటాలే పడతాయి, .38 స్పెషల్ తూటాలు 9 ఎం.ఎం. కన్నా ఖరీదు, హ్యామరు ముందుగా ఎత్తకుండా పేల్చాలంటే ట్రిగ్గరును ఐదు కిలోల బలంతో లాగాలి. మా అక్క ఒంటిచేత్తో లాగలేకపోయింది. అలాంటివారు టారస్ జి3సి తీసుకోవడమే సబబు. పోలీసు శాఖలు వదిలేసిన .40 గ్లాక్‌లు కూడా మంచివే, ఇంచుమించు అదే ధర. పేల్చినప్పుడు చేతిని వెనక్కి తన్నే దెబ్బ మాత్రం కాస్త గట్టిగా ఉంటుంది. ఏది కొన్నా తాళమున్న పెట్టె ఒకటి ఆ ఖర్చులోనే లెక్కవేసుకోవాలి.

బావగారు కూడా మోడల్ 10 తీసుకున్నారు. సొరుగులో దొరికిన పిస్తోలు స్లైడు లాగే సాహసం మేమిద్దరం చేయలేదు. దుకాణానికే వచ్చి చూడమని తెలిసిన గన్‌స్మిత్‌ను (తుపాకులు బాగుచేసే ఆయన్ను) పిలిచాం. ఆయన గొట్టాన్ని ఇసుక బకెట్టులోకి గురిపెట్టి మ్యాగజైను (పిడిలో ఉండే తూటాల అర) తీస్తే అది ఖాళీగా ఉంది. తరువాత స్లైడు లాగితే, చిలుముపట్టి పచ్చబడిన తూటా ఒకటి ఛాంబరులోంచి టేబులు మీద పడింది. రోజుకు ఇరవైసార్లు తెరిచి మూసే సొరుగు అది. మరునాడు బావగారు పోలీసులకు ముందుగా ఫోను చేసి, దాన్ని తీసుకెళ్ళి వారికి అప్పగించారు.