సున్నా నుంచి పది వద్దు, సీసాలో ఏం మిగిలిందో అడగండి

ఇంట్లో పచ్చళ్లు పెట్టి పార్సిళ్లలో పంపే చిన్న వ్యాపారం మాది. కొన్నవారికి గూగుల్ ఫారం పంపడం మొదటి ఆవకాయ సీజన్ నుంచీ ఉన్న అలవాటే. ఫారం సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి, అందులో నేను అడిగే ఒక్క ప్రశ్న గురించే చెబుతాను.

మొదట్లో "మా పచ్చళ్లు కొనమని మీవాళ్లకు చెబుతారా? సున్నా నుంచి పది వరకు ఒక అంకె ఇవ్వండి" అని ఉండేది. 2003లో ఫ్రెడ్ రైకెల్డ్ అనే అమెరికన్ వ్యాపార సలహాదారు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. తొమ్మిది, పది ఇచ్చినవారు మన గురించి నలుగురికీ చెప్పేవారట. ఏడు, ఎనిమిది అయితే తటస్థులు, ఆరు దాటకపోతే అసంతృప్తులు. మనవాళ్లు పదికి ఎనిమిది వేశారంటే మెచ్చుకున్నట్టే కదా! రిటైరైన మాస్టారు ఒకాయన ఏడు వేసి, ఆ వెంటనే వియ్యంకులకు రెండు కిలోలు పంపమన్నారు. లెక్క ప్రకారం ఆయన తటస్థుడు. ఇక "రుచి ఎలా ఉంది?" అంటే ఎవరైనా "బాగుందండీ" అనే అంటారు. వట్టి మొహమాటం.

అవి తీసేసి "సీసాలో ఇంకా ఉందా? ఎందుకు మిగిలింది?" అని అడిగాను. సంజాయిషీ అడిగినట్టు తోచిందేమో, "ఇంట్లో ఇద్దరమేనండీ, ఏమీ అనుకోకండి" అని బతిమాలుతూ రాశారు. "ఎందుకు" తీసి "ఏం మిగిలింది?" అన్నాక అసలు విషయాలు బయటికొచ్చాయి. హైదరాబాద్ నుంచి ఒకావిడ ఇలా రాశారు: "ముక్కలు పిల్లలు ముందే ఏరుకున్నారు. పిండి, నూనె మిగిలాయి. పారేయడానికి మనసొప్పక రోజూ వేడన్నంలో నేనే కలుపుకుంటున్నాను." అదే సీజన్‌లో ఆవకాయ బాగుందని మెచ్చుకున్నావిడే ఈమె! పిండి మిగిలిందన్న మాట ఇంకా చాలామంది రాశారు. మరుసటి వేసవి నుంచి ముక్కలు పెంచి పిండి తగ్గించాం. ధర కొంచెం పెరిగినా ఎవరూ పేచీ పెట్టలేదు.

ఇంత పొగిడాను గానీ, ఈ ప్రశ్న అన్నింటికీ పనికిరాదు. గోంగూరలో ఏరుకోవడానికి ముక్కలుండవు, "సగం ఉంది" అనే జవాబుతో నాకు ఒరిగేదీ లేదు. పార్సిల్ అందిన వారానికే పంపితే "ఇంకా మూతే తీయలేదు" అంటారు, బాగా ఆలస్యం చేస్తే సీసా ఎక్కడుందో కూడా గుర్తుండదు. పచ్చడి నచ్చక మళ్లీ కొననివారు ఫారం తెరవనే తెరవరు, ఏ ప్రశ్న పెట్టినా అంతే.

పైగా మా వంటిల్లు ఒక్కటే, జవాబులన్నీ రాత్రిపూట నేనే చదువుకుంటాను. వేలల్లో ఆర్డర్లు ఉన్నవారికి ఇన్ని వాక్యాలు చదివే తీరిక ఉండదు, వాళ్లకు ఆ అంకెల ప్రశ్నే నయమేమో. నేనైతే ఆవకాయకు, మాగాయకు "ఏం మిగిలింది?" అన్నదే ఉంచుతాను. గోంగూరకు ఏం అడగాలో ఇంకా తేలలేదు.