కంప్యూటర్ గడియారానికి ఏది మేలు: చేతి లెక్కా, క్రోనీనా, జీపీఎస్సా?

ఏసీ తత్కాల్ పొద్దున 10 గంటలకు తెరుస్తారు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి పాత డెస్క్‌టాప్ ఇంకా 9:59 చూపిస్తోంది కదా అని తాపీగా కాఫీ తాగుతున్నాను. మా ఆవిడ ఫోన్‌లో అప్పటికే పది దాటింది! వైజాగ్ బెర్తులన్నీ వెయిటింగ్ లిస్టులోకి వెళ్లిపోయాయి. నెట్ టైమ్ సింక్ ఎప్పుడో నేనే ఆపేశాను, తప్పు నాదే.

మెషిన్ ఆపేశాక టైమ్ లెక్కపెట్టేది మదర్‌బోర్డు మీది 32,768 హెర్ట్జ్ క్వార్ట్జ్ ముక్క. పది లక్షలకు 20 పాళ్లు తేడా ఉన్నా రోజుకు 1.7 సెకన్లు, నెలకు 50 సెకన్ల పైమాటే. ఎండలకు గది 40 డిగ్రీలకు చేరితే రోజుకు ఇంకో అర సెకను వెనకబడుతుంది.

లినక్స్‌లో హెచ్‌డబ్ల్యూక్లాక్ (hwclock) అనే కమాండ్‌తో చేత్తోనే సరిచేయొచ్చు. టైమ్ కచ్చితంగా పెట్టి, వారం ఆగి, --update-drift ఆప్షన్‌తో మళ్లీ పెడితే ఎంత తప్పుతోందో రాసి పెట్టుకుంటుంది. నెట్ అక్కర్లేదు, సరదాగానూ ఉంటుంది. కానీ సంక్రాంతికి తీసిన లెక్క రోహిణి కార్తెలో పనికిరాదు. పైగా అది బోర్డు గడియారానికే. మెషిన్ నడుస్తున్నప్పుడు లినక్స్ చూసుకునే సిస్టమ్ గడియారం తన దారిన తాను పోతుంది.

జీపీఎస్ పేరు వినగానే నాకూ నోరూరింది. ఉపగ్రహాల టైమ్ పట్టి సెకనుకోసారి పల్స్ ఇచ్చే రిసీవర్‌ను సరిగ్గా కలిపితే తేడా మైక్రోసెకన్లలోకి వస్తుంది. పల్స్ తీగ లేని చవక యూఎస్‌బీ రకం కొన్నారా, మెసేజ్ వచ్చే ఆలస్యం వల్ల ఇంటర్నెట్ టైమ్ కన్నా అధ్వానంగా ఉంటుంది. యాంటెనాకు ఆకాశం కనబడాలి. అపార్ట్‌మెంట్ మధ్య అంతస్తులో ఉంటూ డాబా దాకా వైరు లాగడం నా వల్ల కాదు.

నేను పెట్టుకున్నది క్రోనీ (chrony), అంటే నెట్‌లోని టైమ్ సర్వర్‌ను చూసి గడియారాన్ని సరిచేసే ప్రోగ్రామ్. ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ టైమ్ సర్వర్‌ను ఇచ్చాను. ఇది టైమ్ దిద్ది ఊరుకోదు, మన గడియారం ఎంత వేగంగా తప్పుతోందో లెక్కగట్టి ఫైల్లో దాస్తుంది. నెట్ పోయినా ఆ లెక్కతోనే సర్దుతుంది. మామూలుగా టైమ్‌ను ఒక్కసారిగా గెంతించదు, మెల్లగా జరుపుతుంది. బ్రాడ్‌బ్యాండ్ మీద తేడా మిల్లీసెకన్లలోనే. ఎలాగూ తత్కాల్ తెరుచుకునేది రైల్వే సర్వర్ గడియారం ప్రకారమే కాబట్టి, మైక్రోసెకన్లతో నాకేం పని?

కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి వెళ్తోందంటే మాత్రం వీటిలో దేనికీ పోకుండా ముందు మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ, సీఆర్2032, మార్చండి.