పట్టా ఎటు, పార్టీ ఎటు: ప్యూ రీసెర్చ్ సెంటర్ సర్వే నివేదికలపై సమీక్ష

అమెరికాలో చదువుకున్నవారంతా డెమోక్రాట్లేనని, రిపబ్లికన్లకు ఓటు వేసేది చదువులేనివారేనని అక్కడ ఎన్నికలు దగ్గరపడినప్పుడల్లా మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక వాదం నడుస్తుంది. అందులో నిజమెంతో తేల్చుకోవాలంటే నేను ముందుగా తెరిచేది ప్రజాభిప్రాయ సర్వేలు జరిపే వాషింగ్టన్ సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ వెబ్‌సైటు. నివేదికలన్నీ ఉచితం. లెక్కలు సొంతంగా వేసుకోదలచినవారు ఉచిత ఖాతా తెరిస్తే సర్వేల మూల దత్తాంశం (డేటా) కూడా దించుకోవచ్చు, కాకపోతే అది ఎస్‌పీఎస్‌ఎస్ ఫైలుగా వస్తుంది కనుక గణాంక సాఫ్ట్‌వేర్‌తో కొంత పరిచయం ఉండాలి.

ఈ విషయంపై తప్పక చదవవలసింది 2024 ఏప్రిల్‌లో వెలువడిన నివేదిక. దాని ప్రకారం నమోదైన ఓటర్లలో బ్యాచిలర్స్ డిగ్రీ గానీ అంతకు మించిన చదువు గానీ ఉన్నవారిలో 55 శాతం డెమోక్రాట్ల వైపు, 42 శాతం రిపబ్లికన్ల వైపు ఉన్నారు. డిగ్రీ లేనివారిలో 51 శాతం రిపబ్లికన్ల వైపు, 45 శాతం డెమోక్రాట్ల వైపు ఉన్నారు. తేడా ఉన్న మాట నిజమే గాని, పట్టభద్రుల్లో పదిమందికి నలుగురు రిపబ్లికన్లను కోరుకుంటున్నప్పుడు ‘చదువుకున్నవారంతా’ అనే మాట ఎలా నిలుస్తుంది?

ఈ అంకెలు ఎలా పుట్టాయో వివరంగా రాసి ఉంచడం ఈ సంస్థలో నాకు నచ్చిన గుణం. మీరు రిపబ్లికనా, డెమోక్రాటా, ఇండిపెండెంటా, మరొకటా అని ముందు అడుగుతారు. ఏ పార్టీ పేరూ చెప్పనివారిని, అయినా ఎటు మొగ్గుతారని రెండోసారి అడిగి, వచ్చిన జవాబును బట్టి వారిని కూడా ఆ పార్టీ లెక్కలోనే కలుపుతారు. అందువల్ల పై 55 శాతంలో పార్టీని గట్టిగా నమ్మినవారితో పాటు, రెండోసారి అడిగితే తప్ప బయటపడనివారు కూడా ఉన్నారు. నివేదిక పై భాగంలోని బొమ్మను మాత్రమే చూసి వెళ్లిపోయేవారికి ఈ సంగతి తట్టదు.

అసలు సరుకు లోపలి పట్టికల్లో ఉంది. డిగ్రీ లేని తెల్లజాతి ఓటర్లలో 63 శాతం రిపబ్లికన్ల వైపు, 33 శాతం డెమోక్రాట్ల వైపు ఉండగా, డిగ్రీ ఉన్న తెల్లజాతి ఓటర్లు 51, 47 శాతాలతో డెమోక్రాట్ల వైపు కాస్త మొగ్గారు. నల్లజాతి ఓటర్లలోనైతే డిగ్రీ ఉన్నా లేకున్నా అత్యధికులు డెమోక్రాట్ల వైపే ఉన్నారు. అంటే చదువుకూ పార్టీకీ మధ్య మనం చెప్పుకునే ఈ ముడి ప్రధానంగా తెల్లజాతి ఓటర్లలో బిగిసినది. జాతిని పక్కనపెట్టి చదువు ఒక్కదాన్నే చూపే బొమ్మ తప్పు కాదు గాని, చదువే కారణమన్న భ్రమ మాత్రం కలిగిస్తుంది. ఆ బొమ్మనూ జాతివారీ పట్టికనూ పక్కపక్కన పెట్టి ఉంటే బాగుండేది.

పాత నివేదికలను తొలగించకుండా ఉంచడం మరో మేలు. 2018 మార్చి నివేదిక చూడండి. నాలుగేళ్ల డిగ్రీతో చదువు ఆపినవారిలో 1994లో 54 శాతం రిపబ్లికన్ల వైపు, 39 శాతం డెమోక్రాట్ల వైపు ఉండేవారు. 2017 నాటికి ఆ రెండంకెలూ సరిగ్గా తారుమారయ్యాయి. పట్టాలోనే పార్టీ రాసిపెట్టి ఉంటే పాతికేళ్లు తిరగకుండా ఇలా జరిగేది కాదు. అన్నట్టు, ఇవన్నీ ఓటర్ల చదువు లెక్కలే, నాయకులవి కావు. డిగ్రీ లేనివారి ఆదరణ ఎక్కువగా పొందిన ట్రంప్ పేరున్న వార్టన్ బిజినెస్ స్కూలులో చదివినవాడు, ఆయన ఉపాధ్యక్షుడు వాన్స్ యేల్ లా స్కూలు పట్టభద్రుడు. మన దగ్గర అఫిడవిట్లను బట్టి మైనేత వెబ్‌సైటు చూపేది అభ్యర్థుల చదువు కాబట్టి, ఆ అంకెలను వీటితో పోల్చడం కుదరదు.

నమ్మకం సంగతికి వస్తే, పట్టభద్రులు సర్వేలకు జవాబివ్వడంలో ముందుంటారు కనుక జనాభాలో వారి వాటాకు తగినట్టు లెక్కను సరిచేయకపోతే ఫలితం పక్కకు జరుగుతుంది. 2016 అధ్యక్ష ఎన్నికల్లో పలు రాష్ట్రస్థాయి సర్వేల అంచనాలు తప్పడానికి ఈ సర్దుబాటు చేయకపోవడం ఒక కారణమని తరువాతి పరిశీలనలో తేలింది. ప్యూ ఈ సర్దుబాటు చేస్తుంది, ఎలా చేసిందో ప్రతి నివేదిక చివర చెబుతుంది.

ఇక మనవాళ్ల సంగతి. 2023లో వచ్చిన ఆసియా సంతతి సర్వేలో భారత సంతతికి చెందిన నమోదిత ఓటర్లలో 68 శాతం డెమోక్రాట్ల వైపు ఉన్నట్టు తేలింది, వియత్నాం సంతతివారిలో 51 శాతం రిపబ్లికన్ల వైపు ఉన్నారు. ఒకే ఆసియా పేరు కింద ఇంత తేడా ఉందని చూపడం ఆ సర్వే గొప్పతనం. అయితే 2024 నివేదికలోని ఆసియా అంకెలు ఇంగ్లిష్ మాట్లాడేవారికే వర్తిస్తాయి. ఆరు భాషల్లో జరిగిన 2023 సర్వేలోనూ మన దేశ భాషల్లో హిందీకి తప్ప మరి దేనికీ చోటు దక్కలేదు. పిల్లల వెంట వెళ్లి స్థిరపడిన తెలుగు పెద్దల్లో ఇంగ్లిష్ అంతంత మాత్రంగా వచ్చినవారు, హిందీ అసలే రానివారు ఉన్నారు. యాభై అయిదేళ్లు దాటి, గ్రీన్‌కార్డుతో పదిహేనేళ్లు అక్కడ ఉన్నవారు పౌరసత్వ పరీక్షకు సొంత భాషలోనే జవాబులు చెప్పి ఓటర్లు కావచ్చు. కాలేజీ మెట్లెక్కని భారతీయ ఓటరు ఎటు మొగ్గుతాడో తెలియాలంటే అడగవలసినది ఇటువంటివారినే.