ఇన్‌డిజైన్ నుంచి ఈపబ్‌కు: ఎక్స్‌పోర్ట్ సదుపాయంపై ఒక సమీక్ష

అచ్చు కోసం పేజీలు కట్టిన పుస్తకాన్ని తెర మీద చదువుకునేలా చేయాలన్నప్పుడు చాలామంది మొదట అడిగేది, పీడీఎఫ్ ఇస్తే సరిపోదా అని. సరిపోదు. పీడీఎఫ్ పేజీని ఉన్నదున్నట్టు నిలబెడుతుంది కాబట్టి, చిన్న తెర మీద చదివేవారు ప్రతి వరుసకూ పేజీని అటూ ఇటూ జరుపుకుంటూ ఉండవలసి వస్తుంది. ఈ-పుస్తకాల ఫైలు రూపమైన ఈపబ్‌లో అక్షరాన్ని పెద్దది చేస్తే వరుసలు తెర వెడల్పుకు తగ్గట్టు వాటంతటవే సర్దుకుంటాయి. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ అయిన అడోబీ ఇన్‌డిజైన్‌లోని ఈపబ్ ఎక్స్‌పోర్ట్ సదుపాయంతో ఇటీవల 240 పేజీల వ్యాస సంపుటిని ఇలా మార్చాను. బొమ్మలు, ఫుట్‌నోట్లు, పెట్టెలో కట్టిన చిన్న రచనలు అన్నీ ఉన్న పుస్తకం అది. ఆ పనిలో తేలిన విషయాలే ఈ సమీక్షకు ఆధారం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. పేరా స్టైళ్లు (శీర్షిక, పేరా వంటివాటి రూపానికి పేరు పెట్టి దాచుకున్న అమరికలు) క్రమంగా వాడి కూర్చిన ఫైలుకు ఇంతకన్నా నమ్మకమైన దారి నాకు కనబడలేదు. కంటికి బాగుంటే చాలనుకుని స్పేసులతో, ఎంటర్లతో సర్దిన ఫైలును మాత్రం ఏ సాధనమూ ఒక్క బటన్‌తో బాగుచేయలేదు. నా ఫైలులో మొదటి సగం మొదటి తరహాది, రెండో సగం రెండో తరహాది కావడం వల్ల తేడా పక్కపక్కనే కనిపించింది.

ఎందుకో తెలియాలంటే ఈపబ్ లోపల ఏముంటుందో చూడాలి. అది నిజానికి ఒక జిప్ పొట్లం. అందులో పాఠం వెబ్ పేజీల భాష అయిన ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ ఫైళ్లుగా, రూపం ఆ పేజీల అలంకరణ నియమాలైన సీఎస్‌ఎస్‌గా, విషయసూచిక వేరే ఫైలుగా ఉంటాయి. మొదట ఐడీపీఎఫ్ అనే సంస్థ చూసుకున్న ఈ ప్రమాణం 2017 నుంచి వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ చేతిలో ఉంది; ఈపబ్ 3.3 సిఫారసు 2023లో వచ్చింది. వెబ్ పేజీకి ఏది శీర్షికో ఏది మామూలు పేరానో చెప్పి తీరాలి. అచ్చు పేజీలో ఆ సంగతి అక్షరం సైజును బట్టి మనిషి కంటికి తెలిసిపోతుంది, ఎక్స్‌పోర్ట్‌కు మాత్రం స్టైల్ ద్వారానే తెలుస్తుంది. పేరా స్టైల్ ఆప్షన్లలోని ఎక్స్‌పోర్ట్ ట్యాగింగ్‌లో వ్యాస శీర్షికకు హెచ్1, ఉపశీర్షికకు హెచ్2 అనే వెబ్ గుర్తులను ఒక్కసారి పెట్టి, శీర్షిక వచ్చినచోట ఫైలును విడగొట్టమని అక్కడే టిక్ చేస్తే, ప్రతి వ్యాసమూ కొత్త తెర మీద మొదలవుతుంది. ఈ ఒక్క ఏర్పాటు కోసమే ఈ సాధనాన్ని మెచ్చుకోవచ్చు.

స్టైల్ లేకుండా చేత్తో దిద్దిన చోట్ల ఏమవుతుందో తయారైన సీఎస్‌ఎస్ తెరిచి చూస్తే అర్థమవుతుంది. ఒక మాటను కొంచెం బోల్డ్ చేసినా, ఒక వరుసను పేజీలో పట్టించడానికి అక్షరాల మధ్య దూరం కాస్త తగ్గించినా, అక్కడ క్యార్‌ఓవర్‌రైడ్-1, క్యార్‌ఓవర్‌రైడ్-2 అంటూ ఒక్కో క్లాసు (రూప నియమానికి పెట్టే పేరు) పుట్టుకొస్తుంది. నా ఫైలు రెండో సగంలో ఇవి పదుల సంఖ్యలో తేలాయి. వీటిని సీఎస్‌ఎస్‌లో ఏరుకుంటూ కూర్చోవడంకంటే, ఇన్‌డిజైన్‌లోనే బోల్డుకు, ఇటాలిక్‌కు క్యారెక్టర్ స్టైళ్లు చేసుకుని మిగిలిన ఓవర్‌రైడ్లను, అంటే చేతి దిద్దుబాట్లను, తుడిచివేయడం తక్కువ శ్రమ.

ఇక చదివే క్రమం. ఏ ఏర్పాటూ చేయకపోతే ఎక్స్‌పోర్ట్ పేజీని ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి చూస్తూ ఫ్రేములను, అంటే పాఠమో బొమ్మో ఉండే గడులను, వరుసపెడుతుంది. ఒకదానికొకటి ముడిపడిన ఫ్రేముల్లోని పాఠం మొత్తాన్ని ఒకే కథనంగా తీసుకుంటుంది కాబట్టి, ఆ వ్యాసం నడుమ విడిగా పెట్టిన బొమ్మ వ్యాసమంతా ముగిశాక చివర్లో తేలుతుంది. మొదటి ప్రయత్నంలో నాకు సరిగ్గా ఇదే ఎదురైంది: పన్నెండో పేజీలో మగ్గం గురించి చెబుతున్నచోట ఉండవలసిన బొమ్మ, ఫుట్‌నోట్లకు పక్కన ఒంటరిగా నిలబడింది. బొమ్మ ఫ్రేము పై అంచున ఉండే చిన్న నీలం చదరాన్ని పట్టుకుని పాఠంలో సరైన పేరాలోకి లాగి వదిలితే బొమ్మ అక్కడ లంగరు వేసుకుంటుంది. మొత్తం 61 బొమ్మలను ఇలా లాగడానికి ఒక పూట పట్టింది. పెట్టెల్లోని రచనలకు మాత్రం 2011లో సీఎస్5.5తో వచ్చిన ఆర్టికల్స్ ప్యానెల్ వాడాను. ఫ్రేములను అందులోకి లాగి వరుస మార్చుకుని, ఎక్స్‌పోర్ట్ కిటికీలో ఆర్టికల్స్ ప్యానెల్ వరుసను ఎంచుకుంటే, ఎక్స్‌పోర్ట్ ఆ క్రమాన్నే పాటిస్తుంది; అచ్చు పేజీ ఏమాత్రం చెదరదు.

తెలుగు పాఠం విషయంలో రెండు జాగ్రత్తలు తప్పనిసరి. యూనికోడ్‌కు ముందు కాలపు ఫాంటులో కూర్చిన ఫైలైతే తెర మీద తెలుగులా కనిపించేది లోపల ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల పోగు మాత్రమే. ఫాంటు తొలగగానే ఆ గుర్తులే బయటపడతాయి. అలాంటి పాఠాన్ని ఎక్స్‌పోర్ట్‌కు ముందే యూనికోడ్‌లోకి మార్చి, వత్తులు సరైన అక్షరం కిందే పడ్డాయో లేదో ఒక మనిషి చదివి చూడాలి. రెండోది, కనిపించని అక్షరాలు. అనవసరపు హైఫన్లనూ ఖాళీలనూ ఫైండ్/చేంజ్‌తో తుడిచే తొందరలో, అక్షరాలు వత్తుగా కలవకుండా ఆపే జీరో విడ్త్ నాన్ జాయినర్లను కూడా తీసివేశాను. వెంటనే పుస్తకమంతటా ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాట ‘సాఫ్ట్వేర్’గా మారి, వకారం వత్తుగా కిందికి దిగిపోయింది. ఆ మార్పులను వెనక్కి తీసుకుని, వరుస చివర చేత్తో పెట్టిన హైఫన్లను మాత్రమే ఒక్కొక్కటిగా వెదికి తీయవలసి వచ్చింది. వరుసల మధ్య ఎడం 1.6కు పెంచాక వత్తులు కింది వరుస గుడులను తాకడం కూడా ఆగింది.

పేజీ రూపాన్ని ఉన్నదున్నట్టు నిలిపే ఫిక్స్‌డ్ లేఅవుట్ అనే రెండో ఎక్స్‌పోర్ట్ పద్ధతి 2014 నుంచి ఉంది. పిల్లల బొమ్మల పుస్తకాలకు అది తగినదే. వ్యాసాలకు దాన్ని ఎంచుకుంటే పీడీఎఫ్ ఇబ్బందే మళ్లీ తిరిగివస్తుంది కాబట్టి దానిపై ఎక్కువ చెప్పను. ఫుట్‌నోట్లు, విషయసూచిక రెండూ చక్కగా వచ్చాయి. ట్యాబ్‌లతో నిలువు వరుసలు కట్టిన పట్టికలు మాత్రం కలిసిపోతాయి. వాటిని నిజమైన టేబుల్‌గా మార్చుకోవాలి. బొమ్మలకు ప్రత్యామ్నాయ వివరణ రాయడానికి ఆబ్జెక్ట్ ఎక్స్‌పోర్ట్ ఆప్షన్లలో చోటుంది. చూపులేని పాఠకులకు ఆ బొమ్మ అందేది ఆ వాక్యం ద్వారానే కాబట్టి, ఆ గడిని ఖాళీగా వదలకండి.

పూర్తయిన ఫైలును ఈపబ్‌చెక్ అనే ఉచిత పరీక్షా సాధనంతో చూసుకుంటే లోపాలు ఫైలు పేరుతో, వరుస సంఖ్యతో సహా తెలుస్తాయి. ఆపైన కనీసం రెండు వేర్వేరు రీడర్లలో అక్షరాన్ని బాగా పెద్దది చేసి పేజీలు తిప్పి చూడాలి. చిన్న సవరణలకు సిజిల్ అనే ఉచిత ఎడిటర్ ఎంతో అనువుగా ఉంటుంది, కానీ అక్కడ దిద్దినది మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయగానే పోతుంది. అందుకే రూపానికి సంబంధించిన మార్పులన్నీ విడిగా ఒక సీఎస్‌ఎస్ ఫైలులో రాసి, ఎక్స్‌పోర్ట్ కిటికీలోని సీఎస్‌ఎస్ విభాగంలో దాన్ని జతచేశాను. అచ్చుతప్పులను మాత్రం ఇన్‌డిజైన్ ఫైలులోనే దిద్దుతున్నాను. తొలి మార్పిడికి నాలుగు రోజులు పట్టిన పుస్తకమే, మొన్న మూడు అచ్చుతప్పులు దిద్దాక, పది నిమిషాల్లో మళ్లీ ఈపబ్‌గా బయటికి వచ్చింది.