స్కేలుతోనా, కిటికీ అద్దంతోనా? పిల్లలకు పర్‌స్పెక్టివ్ నేర్పడానికి ఏది మేలు?

వేసవి సెలవుల్లో మా ఇంట్లో పిల్లలకు బొమ్మలు నేర్పుతుంటాను. పర్‌స్పెక్టివ్ అంటే దగ్గర, దూరం కంటికి కనిపించినట్టే కాగితం మీద చూపించడం. "నాకు పర్‌స్పెక్టివ్ వచ్చు సార్" అన్న ప్రతి పిల్లవాడూ ఇంచుమించు ఒకటే బొమ్మ వేస్తాడు: మధ్యలో చుక్క, అందులోకి దూసుకుపోయే రైలు పట్టాలు, పక్కన చిన్నవవుతూ పోయే కరెంటు స్తంభాలు. బాగానే ఉంటుంది. ఎదురుగా ఉన్న స్టూలు వెయ్యమంటే మాత్రం పై చెక్క నలుచదరంగా వేసి, నాలుగు కాళ్లూ ఒకే గీత మీద నిలబెడతాడు. పట్టాల కోసం నేర్చుకున్నది స్టూలు దగ్గర అక్కరకు రాదు.

ముందే చుక్క పెట్టి, గీతలన్నీ స్కేలుతో దాంట్లోకి లాగే స్కేలు పద్ధతిలోని లోటు ఇది. అందులో మంచి లేదని కాదు. ఒక్క గంటలో ఫలితం కనిపిస్తుంది, ఊహలో ఉన్న వీధినీ గదినీ కాగితం మీదికి తెచ్చుకోవచ్చు. కానీ ఆ చుక్క అక్కడే ఎందుకుండాలో పిల్లలకు తెలియదు. సార్ పెట్టమన్నారు, పెట్టారు.

రెండోది కిటికీ పద్ధతి. చాలా పాతది. ఇటలీలో వాస్తుశిల్పి, రచయిత అల్బెర్తి 1435లో చిత్రాన్ని తెరిచిన కిటికీతో పోల్చాడు. జర్మనీలో చిత్రకారుడు డ్యూరర్ 1525లో అచ్చువేసిన పుస్తకంలో, ఒక కన్ను కదలకుండా పెట్టి అద్దం మీద మనిషి రూపం గీస్తున్న చిత్రకారుడి బొమ్మ ఉంది. మాకు అద్దానికి బదులు ఓహెచ్‌పీ షీటు, అంటే అవతలిది కనిపించే ప్లాస్టిక్ షీటు. సందుకు ఎదురుగా ఉన్న కిటికీ అద్దానికి దాన్ని సెలోటేపుతో అతికిస్తాను. బల్ల మీద పాఠ్యపుస్తకాలు పేర్చి, వాటి మీద గడ్డం ఆనించి, ఒక కన్ను మూసుకుని మార్కరుతో గీయాలి.

పోయిన ఏడాది తొమ్మిదేళ్ల పాప ఒకతె పక్కింటి ప్రహరీ గీస్తూ ఆగిపోయింది. "సార్, గోడ పైగీత కిందికి దిగుతోంది, కిందిగీత పైకెక్కుతోంది. తప్పు గీశానా?" తప్పు కాదమ్మా, కనిపించినట్టే గియ్యి అన్నాను. తర్వాత షీటు ఊడదీసి తెల్లకాగితం మీద పరిచి, ఆ గీతల్ని స్కేలుతో పొడిగించమన్నాను. చెయ్యి వణికిన చోట్లు పోను, అన్నీ గోరంత మేరలో కలిశాయి. షీటు మళ్లీ అద్దానికి అతికిస్తే, ఆ చోటు సరిగ్గా తన కంటి ఎత్తులో ఉంది. గడ్డం కింద నాలుగు పుస్తకాలు తీసేసి ఎర్ర మార్కరుతో మళ్లీ గీయించాను. ఆ నాలుగింటి మందం ఎంతో, చుక్క అంత కిందికి దిగింది. గీతలన్నీ కలిసే ఆ చుక్కను వానిషింగ్ పాయింట్ అంటారని అప్పుడు చెప్పాను.

కిటికీ పద్ధతికి ఓపిక కావాలి. తల అంగుళం కదిలితే గీతలు తప్పుతాయి, దూరపు వస్తువులవి మరీ ఎక్కువగా. నాలుగైదు షీట్లు దాటితే చూడకుండా అచ్చు దించేయడం అలవాటవుతుంది, అక్కడ ఆపెయ్యాలి. లేని వీధిని గీయడం దీంతో రాదు, దానికి స్కేలే దిక్కు.

ఫోన్‌లో ఫొటో తీసి దాని మీద గీతలు గీయించడం మూడో దారి. సులువే, ఇంట్లో సాధన చేయడానికి సరిపోతుంది. అయితే చూసే పని కెమెరా చేసేస్తుంది. పైగా వైడ్ లెన్స్‌తో బాగా దగ్గరికెళ్లి తీస్తే ముందున్నది మరీ పెద్దదై కూర్చుంటుంది.

ఏడేళ్లలోపు వాళ్లకు ఈ మూడూ వద్దు. బల్లని పైనుంచి చూసినట్టు వేసి, కాళ్లను నాలుగు వైపులా చాపితే అలాగే ఉండనివ్వండి. తెలంగాణలో కథలు చెప్పడానికి వేసే చేర్యాల నకాషీ పటాల్లో వానిషింగ్ పాయింట్ లేదు, కథ ఎక్కడా ఆగలేదు. ముందున్నది వెనకదాన్ని కొంత కప్పుతుందని గమనిస్తే ఆ వయసుకు చాలు.

ఎనిమిది, తొమ్మిదేళ్లు దాటాక నా ఓటు కిటికీకే. రెండు వారాలు షీటు మీద గీశాకే స్కేలు చేతికిస్తాను. ఆ పాప కూడా తర్వాత స్టూలు వేసింది. ముందు కాళ్ల కొసలు కిందికి, వెనక కాళ్ల కొసలు కాస్త పైకి వచ్చాయి. వెనక కాలు ఒకటి సగమే కనబడుతోందని సగమే వేసింది.