యుద్ధ ప్రాంతాల నుంచి తిరిగొచ్చినవాళ్లకి కౌన్సెలింగ్: పన్నెండు సెషన్ల తర్వాత నా రివ్యూ

ముందే చెప్తున్నా, ఈ సర్వీస్ నాకు చాలా మేలు చేసింది. పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇది మా సంస్థ ద్వారా వచ్చింది, బయటివాళ్లు నేరుగా బుక్ చేసుకునేది కాదు. కానీ సహాయ సంస్థల్లో నర్సులుగా, ఇంజినీర్లుగా పనిచేసే మనవాళ్లు ఉన్నారు కదా, లోపల ఏం జరుగుతుందో తెలిస్తే వాళ్లు ధైర్యంగా అడుగుతారని రాస్తున్నా.

నాది తాగునీటి పని. దక్షిణ సూడాన్‌లోని మలకల్‌లో ఐక్యరాజ్యసమితి స్థావరంలోనే వేల మంది తలదాచుకున్న శిబిరం ఉండేది. నైలు నీళ్లు తోడి, పటిక వేసి తేర్చి, క్లోరిన్ కలిపి అందించేవాళ్లం. 2016 ఫిబ్రవరి 17, 18 తేదీల్లో ఆ శిబిరం మీదే దాడి జరిగింది. కనీసం 25 మంది చనిపోయారు, గుడారాలు వరసల కొద్దీ కాలిపోయాయి. బతికున్నవాళ్లకి నీళ్లు కావాలి కాబట్టి మేం మళ్లీ ట్యాంకులు నింపడంలో పడ్డాం. ఆ తర్వాత ఇంకో ఆరేళ్లు వేరే వేరే చోట్ల పనిచేశాను, బాగానే ఉన్నాననుకున్నాను.

2022లో ఖమ్మం వచ్చేశాక ఒకరోజు పొద్దున కుళాయి తిప్పగానే బ్లీచింగ్ వాసన గుప్పుమంది, మలకల్‌లో మేం కలిపిన క్లోరిన్ వాసనే అది. బిందె సగం కూడా నిండలేదు, చేతులు వణుకుతున్నాయి, చొక్కా తడిసిపోయింది. మా ఆవిడ బీపీ అనుకుంది. ఆ రాత్రి నుంచి నిద్ర లేదు, పిల్లలు తలుపు గట్టిగా వేసినా అరిచేవాణ్ణి.

వీడియో కాల్‌లో మొదటి సెషన్‌లో నేనడిగిన మొదటి మాట, ఇదంతా ఆఫీసుకి తెలుస్తుందా అని. ఎన్ని సెషన్లు వాడుకున్నానన్న లెక్క తప్ప ఇంకేమీ వెళ్లదని కౌన్సెలర్ చెప్పి, ఆ మాట రాసిచ్చింది. తనూ శిబిరాల్లో పనిచేసిన మనిషే, అందుకే కర్ఫ్యూ అంటే ఏంటి, కాన్వాయ్ ఎందుకు ఆగుతుంది అని విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. అక్కడ ఏం చూశావని అడగనేలేదు, నిద్ర గురించి, తిండి గురించి, ఇంట్లో ఎవరితో మనసు విప్పి మాట్లాడుతున్నానన్నదాని గురించి అడిగింది. మలకల్ దాడి తర్వాత మూడో రోజే మమ్మల్నందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి, ఎవరేం చూశారో చెప్పమన్నారు. నేను చూడనివి కూడా ఆ రోజు నుంచి నా కళ్లముందుకి రావడం మొదలైంది. ఘటన జరిగిన వెంటనే అలా చెప్పించడం వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే సూచించిందని నాకు ఇప్పుడే తెలిసింది.

నాలుగో సెషన్ నుంచి ఈఎండీఆర్ మొదలుపెట్టారు, భయపెట్టిన జ్ఞాపకాల పట్టు తగ్గించే ఒక చికిత్స పద్ధతి అది. చేతులు రెండూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని, భుజాల్ని కుడి ఎడమలుగా మెల్లగా తడుతూ ఆ దృశ్యాన్ని తలుచుకోవాలి, కాసేపాగి మనసులో ఏం మారిందో చెప్పాలి. ఇదేం పనిచేస్తుందిలే అనుకున్నాను. ఆరో సెషన్‌లో ఇంగ్లిష్‌లో మాటలు రాక ఆగిపోతే, "మీ భాషలోనే చెప్పండి, నాకు అర్థం కాకపోయినా పర్లేదు" అంది. తెలుగులో మొదలుపెట్టానో లేదో ఏడుపొచ్చేసింది, ఇన్నేళ్లలో మొదటిసారి. తొమ్మిదో సెషన్‌లో గిన్నెలో చెంచాడు బ్లీచింగ్ పౌడర్ పక్కన పెట్టుకుని కూర్చున్నాను. గుండె దడదడలాడింది గానీ లేచి పారిపోలేదు. ఇప్పుడు ఇంట్లో నీళ్లు నేనే పడుతున్నా.

పన్నెండుతో ఆపేయడం మాత్రం తక్కువే, నాకు ఇంకో నాలుగైదు కావాల్సింది. ఇంట్లోవాళ్లకి కూడా ఇందులో ఏమీ లేదు. మా ఆవిడ ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులో మాట్లాడింది, అది ఉచితం, రాత్రిళ్లు కూడా పలుకుతారు. తనకి చాలా ధైర్యమొచ్చింది.

నేను ఒక స్టార్ తగ్గించింది మాత్రం వేరే కారణానికి. మలకల్‌లో నాతో పంపు నడిపిన స్థానిక కుర్రాడి గుడారం దాడిలోనే కాలిపోయింది. తర్వాత నేను సెలవుకి విమానమెక్కాను, అతను ఆ బూడిద పక్కనే పడుకున్నాడు. ఇప్పటికీ అక్కడే మా సంస్థలోనే పనిచేస్తున్నాడు. అతనికీ ఈ సెషన్లు ఇప్పించమని, అరబిక్ వచ్చినవాళ్లని పెట్టమని అడిగితే, విదేశీ కాంట్రాక్టు ఉన్నవాళ్లకే అన్నారు. రెండుసార్లు రాశాను, పరిశీలిస్తున్నామని జవాబొచ్చింది. అతనికి మొదటి సెషన్ దొరికిన రోజు ఐదో స్టార్ ఇస్తాను.