.22 రిమ్‌ఫైర్ రివాల్వర్లు: ట్రిగ్గర్ లాగుడు, తయారీలో పనితనం

.22 డబుల్ యాక్షన్ రివాల్వర్‌ను, అంటే ట్రిగ్గర్ లాగితేనే హామర్ (తూటాను పేల్చే సుత్తి) వెనక్కి లేచి పడే తుపాకీని, చేతిలోకి తీసుకున్నవారు మొదట చెప్పే మాట, ట్రిగ్గర్ బరువుగా ఉందని. ఆ మాట నిజమే గాని, కేవలం ఆ బరువును చూసి తుపాకీకి మార్కులు వేయడం సరికాదని ఏళ్ల వాడకం తరువాత నాకు గట్టిగా అనిపిస్తోంది. విశాఖపట్నంలో నా లైసెన్సుపై అలాంటివి రెండు ఉన్నాయి. ఒకటి, 1980ల మధ్యలో దిగుమతులు ఆగిపోవడానికి ముందే దేశంలోకి వచ్చి, చేతులు మారి, అనుమతులన్నీ పూర్తయ్యాక నా పేరున నమోదైన స్మిత్ అండ్ వెసన్ మోడల్ 17. రెండవది అల్యూమినియం మిశ్రలోహపు ఫ్రేముతో చేసిన చిన్న రివాల్వర్. దాని తయారీదారు పేరు ఇక్కడ రాయడం లేదు. 2019 చట్ట సవరణతో ఒక వ్యక్తికి రెండు ఆయుధాలే అనుమతి కనుక, ఈ సమీక్ష కూడా ఈ రెండింటికే పరిమితం.

బరువుకు కారణం తూటాలోనే ఉంది. సెంటర్‌ఫైర్ తూటాకు అడుగున మధ్యలో విడిగా ప్రైమర్ ఉంటుంది. దాని పలుచని మూతను ఫైరింగ్ పిన్ నొక్కితే చాలు. .22 తూటాలో అంటుకునే మందు అడుగు అంచు మడతలోపల ఉంటుంది; రిమ్‌ఫైర్ అనే పేరు అందుకే. సుమారు ఒక మిల్లీమీటరు మందమున్న ఆ ఇత్తడి అంచును పిన్ నలగగొడితేనే మందు అంటుకుంటుంది. అందుకు బలమైన దెబ్బ కావాలి, బలమైన దెబ్బకు బలమైన మెయిన్ స్ప్రింగ్ కావాలి, ఆ స్ప్రింగ్‌ను వంచే శ్రమంతా చూపుడువేలిపై పడుతుంది. దీనికి తోడు, డబుల్ యాక్షన్‌లో హామర్ వెనక్కి వెళ్లే దూరం, దాన్ని బొటనవేలితో పూర్తిగా ఎత్తినప్పటి దూరం కన్నా తక్కువ. అంటే ఒకే స్ప్రింగ్ ఉన్నా దెబ్బ కొంత తగ్గుతుంది. సింగిల్ యాక్షన్‌లో, అంటే హామర్‌ను ముందే బొటనవేలితో ఎత్తి కాల్చినప్పుడు, ప్రతి తూటా పేలుతూ, డబుల్ యాక్షన్‌లో మాత్రం అక్కడక్కడ పేలకపోతే, ముందుగా అనుమానించవలసింది దీనినే.

మోడల్ 17 ట్రిగ్గర్ నా కొక్కెం త్రాసుమీద డబుల్ యాక్షన్‌లో దాదాపు ఐదు కిలోలు, సింగిల్ యాక్షన్‌లో కిలోన్నర చూపుతుంది. ఐదు కిలోలంటే తక్కువేమీ కాదు. అయినా గంటసేపు కాల్చినా వేలికి విసుగు రాదు, ఎందుకంటే ఆ ఐదు కిలోలూ మొదటినుంచి చివరిదాకా దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. నెమ్మదిగా లాగుతూ పోతే సిలిండర్ తిరగడం, ఆగవలసిన చోట లాక్ పడడం వేలికి స్పష్టంగా తెలుస్తుంది. ఆ తరువాత మిగిలిన కొద్ది దూరంలో గురిని మళ్లీ సరిచూసుకుని, ఎక్కడా కుదుపు లేకుండా హామర్‌ను వదలవచ్చు. గ్రిప్ లోపల నిలువుగా ఉండే బల్లపరుపు ఆకు స్ప్రింగ్, దానిని కింద ముందువైపునుంచి బిగించి పట్టే స్ట్రెయిన్ స్క్రూ, నునుపుగా దిద్దిన ట్రిగ్గర్, హామర్ అంచులు, ఇవన్నీ కలిసి చేసిన పని అది. 1957లో ఆ సంస్థ తన తుపాకులకు మోడల్ సంఖ్యలు ఇచ్చేదాకా దీనిని కె-22 మాస్టర్‌పీస్ అనేవారు. ఆ పేరుకు తగిన పనితనమే లోపలా కనిపిస్తుంది. ఫ్రేముకు కుడిపక్కనున్న సైడ్ ప్లేటు ఎంత బిగువుగా అమరిందంటే, దాని అంచు గీతను వెలుతురులో అటూ ఇటూ తిప్పి వెతకవలసిందే. దాన్ని తీయవలసి వస్తే మొనతో ఎత్తకూడదు; మరలు తీశాక గ్రిప్ ఫ్రేమును కర్రపిడితో మెల్లగా తడితే అదే పైకి లేస్తుంది. ఎత్తడానికి ప్రయత్నించినవారి చేతిలో ఆ అంచు వంగిపోతుంది, ఆ తరువాత ఎవరు దిద్దినా పూర్వపు బిగువు రాదు.

చిన్న రివాల్వర్ సంగతి వేరు. బరువు అర కిలో కూడా లేదు, ట్రిగ్గర్ మాత్రం ఆరు కిలోలు దాటుతుంది. తుపాకీ బరువుకు పదింతలకు పైగా బలం వేలితో పెట్టినప్పుడు, గురి చెదరకుండా నిలపడం ఎవరికైనా కష్టమే. అయినా నా ఫిర్యాదు ఆ ఆరు కిలోల మీద కాదు. లాగుడు మొదట తేలికగా మొదలై, చివరి మూడో వంతులో గోడ తగిలినట్టు ఒక్కసారిగా బిగుసుకుంటుంది. వేలు ఆ బిగువును దాటగానే హామర్ పడిపోతుంది, అంతలోనే గొట్టం మూతి ఎడమకో కిందికో జరిగిపోతుంది. సైడ్ ప్లేటు తీసి చూస్తే ట్రిగ్గర్, హామర్ రాసుకునే చోట్ల పనిముట్టు గీతలు అలాగే ఉన్నాయి. ఆ రాపిడి తగులుతున్నంతకాలం బరువు తగ్గించినా లాగుడు నునుపు కాదు.

ఇలాంటి చోట చాలామంది చేసే పని స్ప్రింగ్‌ను ఒక చుట్టు కత్తిరించడం, లేదా స్ట్రెయిన్ స్క్రూను కాస్త వదులు చేయడం. రిమ్‌ఫైర్‌లో ఇది పనికిరాదు. లాగుడు తేలికపడుతుంది, కాని దెబ్బ బలం ఆ మేరకు తగ్గి తూటాలు పేలక మిగిలిపోతాయి. పేలని తూటా ఎదురైనప్పుడు గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి అర నిమిషం ఆగాలి. ఆలస్యంగా పేలే అవకాశం ఉంటుంది. తరువాత బయటికి తీసి అంచుమీది గుర్తును చూడాలి. గుర్తు లోతుగా ఉండి కూడా పేలకపోతే మందు అంచు చుట్టూ సమంగా పరుచుకోలేదని అర్థం. తూటాను కొంచెం తిప్పి మళ్లీ పెడితే తరచూ పేలుతుంది. గుర్తు లోతు లేకుండా పైపైనే ఉంటే తప్పు తుపాకీదే. చిన్న రివాల్వర్ ఖాళీ తొడుగులను వరుసగా పేర్చి చూసినప్పుడు గుర్తుల లోతు ఒక్కో అరకు (సిలిండర్‌లో తూటా కూర్చునే గదికి) ఒక్కోలా కనిపించింది. మోడల్ 17 తొడుగుల మీద అవి అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్నాయి.

సాధన విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఖాళీ అరల మీద ట్రిగ్గర్ లాగితే కొన్ని రివాల్వర్లలో పిన్ నేరుగా అర అంచును కొట్టి అక్కడ సొట్ట పెడుతుంది. ఆపైన తూటా సరిగా దూరదు. ప్లాస్టిక్ డమ్మీలు దొరికితే మేలు, దొరకనప్పుడు కాల్చిన తొడుగులే పెట్టి, ఒక చుట్టు పూర్తవగానే వాటిని కాస్త తిప్పుతుంటే చాలు.

.22 మసి ఎక్కువ. సీసపు గుండు మీద బయటే పూసిన మైనం, కాలకుండా మిగిలిన మందు రేణువులు అరల్లో పేరుకుపోతాయి. ఖాళీ తొడుగులను నెట్టేటప్పుడు గొట్టం మూతి పైకి ఉంటే ఆ రేణువులు ఎక్స్‌ట్రాక్టర్ (తొడుగులను బయటికి నెట్టే నక్షత్రాకారపు భాగం) కిందికి జారవు. జారితే సిలిండర్ తిరగడం బరువెక్కి, ఆ బరువు కూడా ట్రిగ్గర్ లెక్కలోకే వస్తుంది. పాత పళ్ల బ్రష్షు దీనికి చాలు.

విశాఖలో ఉండేవారికి అసలు పరీక్ష ఉప్పుగాలి. మోడల్ 17కు ఉన్నది నీలి పూత పూసిన కార్బన్ ఉక్కు. సముద్రానికి దగ్గర ఇళ్లలో వేలిముద్ర తుడవకపోతే మరునాటికే అక్కడ గోధుమరంగు మచ్చ మొదలవుతుంది. బయట కనబడేది తుడిచేస్తాం గాని, కర్ర గ్రిప్ పలకల కిందికి ఎవరూ చూడరు. వర్షాకాలంలో గ్రిప్ మర విప్పి చూస్తే, కర్ర ఉక్కును తాకే అంచు పొడవునా సన్నని తుప్పు గీత కనిపిస్తుంది. అక్కడ పలుచగా నూనె రాసి, పలకల లోపలివైపు మైనం పట్టించాక నాకు ఆ బెడద తగ్గింది. తోలు ఒరలో మాత్రం నిల్వ ఉంచకూడదు. తోలు తేమను పట్టి ఉంచుతుంది. ఎన్నికల సమయంలో ఆయుధాలు డిపాజిట్ చేయవలసి వచ్చినప్పుడు, గొట్టంలోనూ అరల్లోనూ నూనె పట్టించి, తోలు కాకుండా నూనెగుడ్డలో చుట్టి ఇవ్వడం మంచిది. ఈ ఒక్క విషయంలో చిన్న రివాల్వర్‌ది పైచేయి: మిశ్రలోహపు ఫ్రేముకు తుప్పు బాధ లేదు, ఉక్కు సిలిండర్‌ను తుడిస్తే సరిపోతుంది.

పాత .22 రివాల్వర్ కొనాలనుకునేవారు, అమ్మేవారి అనుమతితో, తుపాకీ ఖాళీగా ఉందని స్వయంగా నిర్ధారించుకున్నాక, హామర్‌ను బొటనవేలితో చాలా నెమ్మదిగా ఎత్తుతూ, రెండో చేతి వేలితో సిలిండర్‌ను తేలికగా ఆపి చూడాలి. హామర్ పూర్తిగా ఎత్తేసరికి ప్రతి అరలోనూ లాక్ పడాలి. ఆరింట ఒక్కటి వెనుకబడినా గుండు గొట్టంలోకి వంకరగా ప్రవేశించి, సిలిండర్ పక్కనుంచి సీసపు తునకలు చిమ్ముతాయి. ఆ తరువాత టార్చి వెలుతురులో అరల వెనుక అంచులను ఒక్కొక్కటిగా చూసి, పిన్ సొట్టలు లేవని తేలాకే ధర మాట్లాడాలి.